మా ఆఫీసు ఐటీ సర్వీసు: మనుషులకి 5 స్టార్లు, రూల్స్‌కి 2

కంపెనీ పేరు రాయను. రాయదుర్గం మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పెద్ద ఆఫీసు, అంతే. నేను రివ్యూ చేస్తున్నది అక్కడి జీతాలనో క్యాంటీన్‌నో అనుకునేరు, ఉద్యోగులకి ఆ కంపెనీ ఇచ్చే ఐటీ సర్వీసుని: చేతికిచ్చే లాప్‌టాప్, దాంట్లో ముందే పెట్టిన ఆంక్షలు, సమస్య రాసి పంపే టికెట్ పోర్టల్, రెండో అంతస్తులో ఉండే హెల్ప్‌డెస్క్, అడిగితే వచ్చే పర్మిషన్లు, అడిగినా రాని పర్మిషన్లు. మొత్తం కలిపి 5కి 2 స్టార్లు ఇస్తున్నా. హెల్ప్‌డెస్క్‌లో కూర్చునే పిల్లలకి విడిగా ఇవ్వమంటే మాత్రం 5కి 5 ఇస్తాను. అది ముందే చెప్పాలి, ఎందుకంటే పని ఆగి కోపం వచ్చినప్పుడు అందరూ వెళ్లి అరిచేది వాళ్ల మీదే, కానీ ఆ రూల్స్ పెట్టింది వాళ్లు కాదు, తీసే అధికారమూ వాళ్లకి లేదు.

నా పని ఏమిటో చెప్తే మిగతాది అర్థమవుతుంది. మా టీమ్ యాప్‌లని టెస్ట్ చేస్తుంది, అందులో నాది తెలుగు. అంటే బటన్ మీద ఒత్తులు తెగిపోతున్నాయా, గుణింతాలు పక్కకి జరుగుతున్నాయా, పొడవైన మాట పెట్టె దాటి బయటికి పోతోందా, ఇవన్నీ రకరకాల ఫోన్లలో, రకరకాల ఫాంట్లలో చూడాలి. ఇది చిన్న పనే కదా అనుకునేవాళ్లకి 2018 ఫిబ్రవరి సంగతి గుర్తు చేస్తా. ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్‌తో కలిసి మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఇలాంటివి యాప్ జనం చేతికి వెళ్లకముందే పట్టుకోవడం కోసమే మేం ఉన్నాం. దానికి నాకు కావాల్సినవి నాలుగే: తెలుగు కీబోర్డు, ఫాంట్లు, కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించుకోగల ఫోన్లు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న కొన్ని స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు. ఈ నాలుగింటిలో కీబోర్డు ఒక్కటే ఇబ్బంది లేకుండా వచ్చింది, అదీ విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది కాబట్టి, 2019 నుంచి విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు కాబట్టి.

ముందు బాగున్నవి. లాప్‌టాప్ మంచిదే, మెమరీ సరిపడా ఉంది, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. డిస్క్ మొత్తం విండోస్‌లోని బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం కీ లేనివాళ్లు చదవలేకుండా చేసి ఇస్తారు, దాని విలువ ఒకసారి కళ్లారా చూశాం. మా టీమ్‌లో ఒకావిడ కొండాపూర్ దగ్గర క్యాబ్ దిగుతూ బ్యాగ్ అందులోనే వదిలేసింది, అది మళ్లీ దొరకలేదు. ఆవిడ భయపడుతూ రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తిన అబ్బాయి ఒక్క మాట కూడా తప్పు పట్టకుండా అకౌంట్ ఆపేసి, లాప్‌టాప్‌ని దూరం నుంచే లాక్ చేసే ఆర్డర్ పెట్టేసి, పొద్దున ఏం కంప్లయింట్ ఇవ్వాలో ఎక్కడ ఇవ్వాలో చెప్పి, మర్నాడు కొత్త మెషీన్ సిద్ధంగా ఉంచాడు. క్లయింట్ డేటా పోతుందేమోనన్న టెన్షన్ ఎవరికీ లేకపోయింది. సెక్యూరిటీ అంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోవద్దు, ఇలాంటి సెక్యూరిటీకి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇంకా 2024 జూలై 19. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వచ్చిన తప్పుకి ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయిన రోజు, మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చిన రోజు. మా ఫ్లోర్‌లో కూడా ఎటు చూసినా నీలి తెరలే. దాన్ని దూరం నుంచి బాగుచేసే దారి చాలా మెషీన్లకి లేదు, ఒక్కోదాన్ని సేఫ్ మోడ్‌లో పెట్టి ఆ పాడు ఫైల్ తీసెయ్యాలి, దానికి ముందు బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టాలి, అది 48 అంకెలు. హెల్ప్‌డెస్క్ పిల్లలు ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరు అంకెలు చదువుతుంటే ఇంకొకరు కొడుతూ, ఒక్క అంకె తప్పితే మళ్లీ మొదటినుంచి కొడుతూ, వరసగా సీటు సీటుకీ వెళ్లారు. భోజనానికి కూడా దిగలేదు, ఎవరో బిర్యానీ పార్సిల్ తెప్పిస్తే నిలబడే తిన్నారు. 5 స్టార్లు ఎందుకో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

ఇక 2 స్టార్ల సంగతి.

మొదటిది ఫాంట్లు. మండలి, రామభద్ర, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నాయి, మా క్లయింట్ యాప్‌లో వాడేది కూడా వాటిలో ఒకటి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంట్ ఎక్కించడానికి అడ్మిన్ పర్మిషన్ అక్కర్లేదు, ఎవరి అకౌంట్‌కి వాళ్లు ఎక్కించుకోవచ్చు. నేనూ ఎక్కించాను. సెట్టింగ్స్‌లో పేరు కనిపిస్తోంది, డిజైన్ టూల్‌లో పేరు ఎంచుకుంటే ఒప్పుకుంటోంది, కానీ తెర మీద వస్తున్నది మాత్రం నిర్మలా యూఐ, అంటే విండోస్‌తో వచ్చే మామూలు ఫాంట్. పేరు ఒకటి, కనిపించే అక్షరం ఇంకొకటి. టెస్టింగ్‌లో ఇంతకన్నా ప్రమాదం లేదు, ఎందుకంటే ఒత్తులు బాగానే ఉన్నాయని నేను రిపోర్టు రాసేస్తాను, నేను చూసింది అసలు ఆ ఫాంటే కాదు.

టికెట్ పెట్టాను. ఏ అక్షరం ఎలా రావాలో, ఎలా వస్తోందో తెలుగులో టైప్ చేసి మరీ పెట్టాను. మర్నాడు టికెట్ క్లోజ్ అయిపోయింది, కింద ‘ఫాంట్ ఇన్‌స్టాల్ చేయడం ఎలా’ అనే ఆర్టికల్ లింక్. మళ్లీ తెరిచాను, మళ్లీ క్లోజ్. చివరికి రెండో అంతస్తుకి వెళ్లి అడిగితే అక్కడి అబ్బాయి, కరీంనగర్ వైపు కుర్రాడు, టికెట్ తన స్క్రీన్ మీద తెరిచి నా వైపు తిప్పాడు. నేను రాసిన తెలుగంతా ప్రశ్న గుర్తులు. లైనుకి లైను ప్రశ్న గుర్తులే.

‘అక్కా, మీరేం రాసిన్రో మాకు కనపడనే లేదు, పైనోళ్లకీ గిట్లనే కనపడి ఉంటది, అందుకే లింక్ పెట్టి మూసేసిన్రు’ అన్నాడు.

భారతీయ భాషల మీద పని చేసే టీములు ఇన్ని ఉన్న ఆఫీసులో, సమస్య చెప్పుకునే పోర్టల్‌లో ఒక్క భారతీయ భాష కూడా నిలవదు. నాకు నిజంగా బాధేసింది. పక్క సీటు తమిళమ్మాయి కూడా అదే మాట అంది, హిందీ వాళ్లకీ అంతేనట. అందరం స్క్రీన్‌షాట్లు తీసి అటాచ్ చేయడం అలవాటు చేసుకున్నాం.

ఆ అబ్బాయి నా సీటు దగ్గరికి వచ్చి ఓపిగ్గా చూశాడు. మెషీన్‌కి వచ్చిన పాలసీల, అంటే కంపెనీ పైనుంచి పెట్టే సెట్టింగుల లిస్టు తీసి అందులో ఒక లైను మీద వేలు పెట్టాడు: విండోస్ ఫాంట్ల ఫోల్డర్‌లో లేని ఫాంట్ దేన్నీ లోడ్ చేయనివ్వొద్దు అని. ‘నేనైతే ఇప్పుడే తీసేద్దునక్కా, కానీ ఇది మార్చే పర్మిషన్ నాకు లేదు, ఇండియాల ఎవ్వరికీ లేదు’ అన్నాడు. ఎవరికి ఉంది తమ్ముడూ అంటే అతనికి తెలీదు, అతని మేనేజర్‌కి కూడా తెలీదు.

తర్వాత నేనే కూర్చుని చదివాను ఈ రూల్ ఎక్కడిదో. ఒకప్పుడు విండోస్ ఫాంట్ ఫైళ్లని సిస్టమ్ లోపలి పొరలో, అంటే కెర్నల్‌లో చదివేది, కాబట్టి కావాలని పాడు చేసిన ఫాంట్ ఫైల్ ఒక్కటి చాలు మెషీన్ మొత్తం దొంగ చేతికి పోవడానికి. 2015 జూలైలో సరిగ్గా అలాంటి లోపానికే మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీ దాకా ఆగకుండా ఎమర్జెన్సీ ప్యాచ్ ఇచ్చింది. అప్పుడు ఈ రూల్ పెట్టడం న్యాయమే. తర్వాత విండోస్ 10లో ఫాంట్ చదివే పనిని కెర్నల్ నుంచి తీసి విడిగా ఒక కట్టుదిట్టమైన చోట పెట్టారు, 2017లో మైక్రోసాఫ్ట్ తానే కంపెనీలకిచ్చే సెక్యూరిటీ సిఫార్సుల్లోంచి ఈ సెట్టింగ్‌ని తొలగించింది. మా దగ్గర మాత్రం ఇప్పటికీ ఉంది. ఎవరూ చెడు ఉద్దేశంతో ఉంచలేదు, అసలు అది ఉందని గుర్తున్నవాళ్లే లేరు.

రెండోది ఫోన్లు. యూఎస్‌బీ పూర్తిగా బ్లాక్. పెన్‌డ్రైవ్ బ్లాక్ చేయడం నాకు నూటికి నూరు పాళ్లు సమ్మతమే. డేటా బయటికి పోయేదీ వైరస్ లోపలికి వచ్చేదీ అందులోంచే, దాని మీద నాకు వాదన లేదు. కానీ టెస్టింగ్ ఫోన్లు కంపెనీవే, వాటి మీద కంపెనీ స్టిక్కర్, అసెట్ నంబర్ కూడా ఉంటాయి. కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది తప్ప లాప్‌టాప్ ఆ ఫోన్‌ని గుర్తించదు, టెస్ట్ బిల్డ్ (విడుదలకి ముందు పరీక్షకిచ్చే యాప్) ఎక్కించలేం, లాగ్ (యాప్ లోపల ఏం జరిగిందో చెప్పే రికార్డు) తీయలేం. ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ లేకుండా వైఫై మీద కూడా ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపి ఈ పనులు చేయొచ్చు, అది ప్రయత్నిద్దామంటే ఆఫీసు వైఫైలో ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా పెట్టారు. అదీ మంచి రూలే. రెండు మంచి రూల్స్ కలిసి మా పని మాత్రం ఆపేశాయి.

దీనికి పరిష్కారం లేక కాదు. యూఎస్‌బీని పూర్తిగా మూసేయక్కర్లేదు, పరికరం తయారీ కోడ్, మోడల్ కోడ్, సీరియల్ నంబర్ చూసి ఫలానా ఫోన్‌కి మాత్రమే దారి ఇచ్చే వీలు ఈ కంట్రోల్ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. మేం అదే అడిగాం. మేనేజర్ అప్రూవల్, ఆపైన సెక్యూరిటీ టీమ్ అప్రూవల్, ఆపైన క్లయింట్ డేటాకి బాధ్యులైనవాళ్ల అప్రూవల్, చివరికి వారానికోసారి కూర్చునే కమిటీ. వారాల తరబడి తిరిగాక వచ్చింది. వచ్చిన రోజు టీమంతా సంబరపడ్డాం. పనైతే అయింది, కాబట్టి ఆ మేరకు స్టార్ కట్ చేయను.

కట్ చేసేది ఆ తర్వాత జరిగినదానికి. మినహాయింపు 90 రోజులకే. గడువు దగ్గర పడుతోందని ఎవరికీ మెయిల్ రాదు. ఒక రిలీజ్‌కి ముందు రోజు సాయంత్రం, టెస్టులు సగంలో ఉండగా, ఫోన్లన్నీ ఒకేసారి డిస్కనెక్ట్ అయిపోయాయి. కేబుల్ పాడైందనుకుని కేబుళ్లు మార్చాం, ఫోన్ పాడైందనుకుని ఫోన్ రీస్టార్ట్ చేశాం, డ్రైవర్ అనుకున్నాం, ఇంకేదో అనుకున్నాం. హెల్ప్‌డెస్క్ తమ్ముడు వచ్చి చూసి చెప్పేదాకా తెలియలేదు గడువు అయిపోయిందని. మళ్లీ అప్లికేషన్, మొదటినుంచి అవే అప్రూవల్స్, ఈలోగా కమిటీలో ఒకరు సెలవు. రిలీజ్ వాయిదా పడింది, క్లయింట్ ముందు మా మేనేజర్ గారు తల దించుకోవాల్సొచ్చింది. పాపం ఆయన తప్పు అందులో ఏముంది?

ఈ సర్వీసు గురించి నేను చెప్పదలచుకున్నది అసలు ఇక్కడే ఉంది. మినహాయింపుకి 90 రోజుల గడువు పెట్టారు, మంచిదే, అవసరం తీరాక కూడా దారి తెరిచి ఉంచకూడదు. మరి రూల్‌కి గడువేది? ఫాంట్ రూల్‌ని ఎప్పుడో మైక్రోసాఫ్టే వద్దనుకుంది, దాన్ని ‘ఇంకా కావాలా’ అని అడిగే తేదీ క్యాలెండర్‌లో ఎక్కడా లేదు. పని చేసుకునేవాడు ప్రతి మూడు నెలలకీ తన అవసరాన్ని రుజువు చేసుకోవాలి, రూల్ మాత్రం ఒక్కసారి వచ్చి కూర్చుంటే దాన్ని అడిగేవాడు లేడు.

పాస్‌వర్డ్ కూడా ఇలాంటిదే. 45 రోజులకోసారి మార్చాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఊరికే గడువు పెట్టి మార్పించొద్దంది, బయటికి పొక్కిందన్న ఆధారం ఉంటేనే మార్పించమంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా తన సిఫార్సుల్లోంచి పాస్‌వర్డ్ గడువు తీసేసింది. కారణం అందరికీ తెలిసిందే, తరచూ మార్చమంటే జనం చివరి అంకె ఒకటి పెంచుతారు, లేదా కాగితం మీద రాసి కీబోర్డు కింద పెడతారు. మా ఫ్లోర్‌లో రాత్రి ఎవరైనా కీబోర్డులు ఎత్తి చూస్తే ఎన్ని కాగితాలు దొరుకుతాయో.

మూడోది పైథాన్. ఇది టెక్నికల్ విషయం, ఇలాంటి ఆఫీసుల్లో పనిచేసే చాలామందికి ఎదురయ్యేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. పైథాన్‌లో ఏదైనా లైబ్రరీని, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ని, పిప్ అనే టూల్‌తో డౌన్‌లోడ్ చేయబోతే సర్టిఫికెట్ (సైట్ అసలైనదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు) వెరిఫై కాలేదని ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే ఆఫీసు ప్రాక్సీ, అంటే మనకీ ఇంటర్నెట్‌కీ మధ్య ఉండే సర్వర్, మన ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌ని మధ్యలో విప్పి, లోపల ఏముందో చూసి, కంపెనీ సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూట కట్టి పంపుతుంది. ఆ సర్టిఫికెట్‌ని ఐటీ వాళ్లు విండోస్‌లో ముందే పెట్టారు కాబట్టి బ్రౌజర్ నమ్ముతుంది. పాత పిప్ చూసేది తన వెంట తెచ్చుకున్న సొంత లిస్టుని, అందులో ఇది లేదు, కాబట్టి నమ్మదు. పిప్ చేస్తున్నది కరెక్టే. నెట్‌లో వెతికితే ఎక్కువమంది ఇచ్చే సలహా ‘వెరిఫికేషన్ ఆఫ్ చేసెయ్యి’ అని, దయచేసి ఎవరూ అలా చేయకండి, ఆ స్క్రిప్టు రేపు ఇంకో నెట్‌వర్క్‌లో నడిచినప్పుడు నిజంగా దొంగ మధ్యలో ఉన్నా తెలియదు. సరైన దారి రెండు రకాలు: ఆ కంపెనీ సర్టిఫికెట్ (రూట్ సర్టిఫికెట్ అంటారు) ఫైల్‌ని ఐటీ దగ్గర అడిగి తీసుకుని దాన్ని పిప్‌కి చూపించడం, లేదా కొత్త పిప్ వాడటం. 2024 జూలైలో వచ్చిన పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 గానీ ఆపై వెర్షన్ గానీ ఉంటే, అది విండోస్ లిస్టునే నేరుగా చూస్తుంది, వేరే ఏమీ చేయక్కర్లేదు.

మరి కొత్తది వాడొచ్చు కదా అంటే, మేం సాఫ్ట్‌వేర్ దించుకోవాల్సిన కంపెనీ లిస్టు, సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో అప్రూవ్ అయినది పైథాన్ 3.8 ఒక్కటే. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2024 అక్టోబర్‌తోనే ఆగిపోయాయి. అంటే సెక్యూరిటీ పేరుతో పెట్టిన లిస్టు, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని వెర్షన్‌ని తప్ప వేరేదాన్ని ఒప్పుకోదు. కొత్త వెర్షన్ కోసం రిక్వెస్ట్ పెట్టాం, నెలలు గడుస్తున్నాయి, స్టేటస్ ఇంకా ‘రివ్యూలో ఉంది’.

స్టేటస్ అంటే గుర్తొచ్చింది, టికెట్ పోర్టల్ గురించి ఇంకో మాట చెప్పాలి. ప్రతి టికెట్‌కీ ఇన్ని గంటల్లో తీర్చాలని గడువు ఉంటుంది, గడియారం తిరుగుతుంటుంది. గడువు దగ్గర పడేసరికి ‘మీరు ఏ టైమ్‌లో ఖాళీగా ఉంటారు’ అని ఒక ప్రశ్న వస్తుంది, స్టేటస్ ‘యూజర్ జవాబు కోసం’ అని మారుతుంది, గడియారం ఆగిపోతుంది. మనం జవాబిచ్చినా మళ్లీ ఎవరో ఒకరు చూసేదాకా అది అలాగే ఉంటుంది. మూడు రోజులు జవాబు లేకపోతే టికెట్ దానంతట అదే మూసుకుపోతుంది, మూసుకుపోయినవన్నీ ‘పరిష్కరించినవి’ లెక్కలోకి వెళ్తాయి. నెలాఖరు మీటింగ్‌లో గ్రాఫ్ పచ్చగా కనిపిస్తుంది. పైన కూర్చున్న పెద్దలకి సమస్య ఉందనే తెలియదు. వాళ్లు చూసేది ఆ గ్రాఫ్ ఒక్కటే కదా.

ఐటీ వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. వాళ్ల మీద ఒత్తిడి తక్కువేం కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. పైగా ప్రతి క్లయింట్ నుంచి ఏటా ప్రశ్నల ఫైల్ వస్తుంది: యూఎస్‌బీ బ్లాక్ చేశారా, పాస్‌వర్డ్ గడువు ఎంత, అడ్మిన్ హక్కులు ఎవరికున్నాయి. రూల్ ఉంటే ‘అవును’ అని టిక్ పెడితే సరిపోతుంది. రూల్ తీసేస్తే ఎందుకు తీశారో పేజీలు పేజీలు రాయాలి, రేపు ఏదైనా జరిగితే ‘తీసింది ఎవరు’ అని వెతుకుతారు. రూల్ ఉంచినందుకు మాత్రం ఎవరి ఉద్యోగమూ పోదు. ఆ కుర్చీలో నేనున్నా భయపడతానేమో. అయినా ఈ భయం ఖర్చంతా పని చేసేవాళ్ల నెత్తిన పడుతోంది, అది ఏ ఫైల్లోనూ కనపడదు.

ఇంకా పెద్ద సమస్య, పని ఆగదు. డెడ్‌లైన్ ఉంటుంది, మనుషులు ఏదో దారి వెతుక్కుంటారు. కేబుల్ బ్లాక్ అయిందని కొన్ని టీముల్లో టెస్ట్ బిల్డ్‌ని ఎవరిదో పర్సనల్ మెయిల్‌కి పంపి అక్కడి నుంచి ఫోన్‌లో దించుతారు. పీడీఎఫ్ మార్చే సాఫ్ట్‌వేర్‌కి పర్మిషన్ లేదు గానీ, పీడీఎఫ్ మార్చిపెట్టే ముక్కూ ముఖం తెలియని ఫ్రీ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకుంటాయి, క్లయింట్ డాక్యుమెంట్లు అందులో అప్‌లోడ్ చేసేస్తారు. స్క్రీన్ ఫోటో ఫోన్‌తో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు. వీళ్లెవరూ దొంగలు కాదు, సాయంత్రానికి పని అప్పజెప్పాల్సినవాళ్లు. కంపెనీ ఫోన్‌కి కంపెనీ కేబుల్ వద్దన్న రూల్, అదే ఫైల్‌ని ఎవరి జీమెయిల్‌లోకో తోసింది. డేటా మీద ప్రేమ ఉన్నవాళ్లెవరైనా ముందు దీనికి భయపడాలి.

చిన్నవి కొన్ని: అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ లాక్ అవుతుంది, దాంతోపాటు వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌కి కలిపే సురక్షిత కనెక్షన్) కూడా తెగుతుంది, పొడవైన టెస్ట్ పెట్టి టీకి వెళ్లలేం. డెవలపర్లు వెతుక్కునే కొన్ని టెక్నికల్ సైట్లు ‘వ్యక్తిగత బ్లాగు’ అనే కేటగిరీలో బ్లాక్. ఏఐ చాట్ టూల్స్ బ్లాక్ చేశారు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు, క్లయింట్ ఇంకా విడుదల చేయని యాప్‌లోని మాటలు తీసుకెళ్లి బయట సర్వర్‌లో పెట్టడం తప్పే.

ఇలాంటి ఆఫీసులో కొత్తగా చేరేవాళ్లకి పనికొచ్చేవి చెప్తా. టికెట్‌లో సమస్య కన్నా ముందు నష్టం రాయండి: ఏ రిలీజ్, ఏ తేదీ, ఎంతమంది పని ఆగింది. ‘యూఎస్‌బీ తెరవండి’ అని అడిగితే కచ్చితంగా కుదరదంటారు, ‘ఈ సీరియల్ నంబర్ ఉన్న ఈ ఫోన్‌కి, ఈ లాప్‌టాప్‌లో, ఫలానా తేదీ దాకా’ అని అడిగితే కాదనడం కష్టం. తెలుగు, హిందీ ఏదైనా సరే అక్షరాలు టైప్ చేయకుండా స్క్రీన్‌షాట్ పెట్టండి. మినహాయింపు వచ్చిన రోజే దాని గడువుకి మూడు వారాల ముందు తేదీన క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఎందుకంటే రెండు వారాలు అప్రూవల్స్‌కే పోతాయి. ‘ఈ పాలసీ ఓనర్ ఎవరు’ అని రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోయినా అడిగినట్టు రికార్డు ఉంటుంది. పర్సనల్ మెయిల్, పర్సనల్ లాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్లకండి, రేపు గొడవైతే షోకాజ్ నోటీసు మీ పేరు మీదే వస్తుంది, రూల్ పేరు మీద రాదు. హెల్ప్‌డెస్క్‌కి నేరుగా వెళ్లి మర్యాదగా మాట్లాడండి, మెయిల్‌లో రోజులు పట్టేది అక్కడ పదినిమిషాల్లో కనీసం కారణమైనా తెలుస్తుంది. మధ్యాహ్నం నాలుగు తర్వాత రద్దీ తక్కువ.

ఈ సర్వీసు నడిపే పెద్దలు ఎవరైనా ఇది చదివితే, నేను ఆంక్షలన్నీ ఎత్తేయమనట్లేదు. ప్రతి రూల్ పక్కన ఒక మనిషి పేరు, దాన్ని మళ్లీ చూసే తేదీ రాయండి. మినహాయింపు ముగిసే ముందు ఒక మెయిల్ రానివ్వండి, అది ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేసే పనే. సమస్య కళ్లారా చూసిన హెల్ప్‌డెస్క్ పిల్లలకి, ఒక్క రోజుకైనా సరే, తాత్కాలికంగా దారి ఇచ్చే అధికారం ఇవ్వండి, చేసింది లాగ్‌లో పడేలా పెట్టుకోండి. ఫ్లోర్‌లో ఏం జరుగుతోందో ఆ పచ్చ గ్రాఫ్ కన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఇది రాసేటప్పటికి ఫోన్ల మినహాయింపు మళ్లీ వచ్చింది, పైథాన్ కొత్త వెర్షన్ రాలేదు. ఫాంట్ పని కోసం నెట్‌వర్క్‌కి తగిలించని ఒక పాత డెస్క్‌టాప్‌ని హెల్ప్‌డెస్క్ తమ్ముడే వాళ్ల మేనేజర్‌ని ఒప్పించి మా మూలకి తెచ్చి పెట్టించాడు. నేను ఒత్తులు చూసేది ఇప్పుడు దాని మీదే, రిపోర్టు రాయడానికి మళ్లీ నా సీటుకి వస్తాను. టికెట్‌లో తెలుగు కనిపించిన రోజు ఒక స్టార్ పెంచుతాను, ఫాంట్ రూల్ తీసేసిన రోజు ఇంకొకటి.